ఇంటర్వెల్ దాకా దెయ్యం

మొన్న పండక్కి అందరం ఊళ్ళో చేరాం. రాత్రి భోజనాలయ్యాక మా మేనల్లుడు టీవీలో ‘మసూద’ పెట్టాడు. లైట్లన్నీ తీసేశాం. మా అమ్మ పక్కన మంచం మీద కూర్చుని, చీకట్లోనే వేళ్ళ అలవాటు కొద్దీ వత్తులు చేసుకుంటోంది. సరిగ్గా సినిమాలో పిల్ల మీదికి దెయ్యం వచ్చే వేళకి రిమోట్ అందుకుని సౌండ్ మొత్తం తీసేసింది. తెరమీద ఒక అమ్మాయి జుట్టు విరబోసుకుని నిలబడి ఉంది. అంతే. ఎవరికీ ఏమీ కాలేదు. పక్కల మీద దొర్లుతున్న పిల్లలు కిసుక్కుమన్నారు.

“భయమంతా ఆ మోతలోనే ఉందర్రా. మోత తీసేస్తే ఏముంది, పిల్ల తల దువ్వుకోలేదు” అంది అమ్మ.

“మావయ్యా, అమ్మమ్మ సినిమా మొత్తం చెడగొట్టేసింది” అని వాడి గోల.

చెడగొట్టిన మాట నిజమే గానీ, ఆవిడ అన్నదాంట్లో సగం సత్యం ఉంది. ఊరి నుంచి వచ్చాక ఓ నెల రోజులు రాత్రిళ్ళు పాతవీ కొత్తవీ కలిపి పదిహేను దాకా దెయ్యం సినిమాలు చూశాను. కొన్నిటికి అమ్మ పరీక్ష కూడా పెట్టాను. గుండె దడ పుట్టిన చోట వెనక్కి తిప్పి, సౌండ్ తీసేసి మళ్ళీ చూడటం. చాలావాటికి పాస్ మార్కులు రాలేదు. అయితే మోత ఒక్కటే దోషమైతే సరిచేసుకోవచ్చు. అంతకన్నా పెద్ద జబ్బు ఇంకోటి కనిపించింది. మన దెయ్యం ఇంటర్వెల్ దాకానే బతుకుతోంది.

ఫస్టాఫ్ అంతా అది చేయాల్సిన పనులు చేస్తుంది. తలుపులు కొడుతుంది, అద్దంలో కనిపిస్తుంది, ఉయ్యాల ఊపుతుంది. ఇంటర్వెల్ బ్యాంగ్ పడుతుంది. మనం సమోసా కొనుక్కుని వచ్చి కూర్చునేసరికి ఒక ముసలాయనో, మంత్రగాడో, చర్చి ఫాదరో గొంతు సవరించుకుని ‘ఇరవై ఏళ్ళ కిందట...’ అని మొదలుపెడతాడు. ఇక అరగంట ఫ్లాష్‌బ్యాక్. తెర రంగు మారిపోతుంది. మల్లెపూలు, తిరునాళ్ళు, ఒక పాట. ఆ అమ్మాయి ఎంత మంచిదో, ఎవరు మోసం చేశారో, ఎక్కడ పాతిపెట్టారో అన్నీ తెలిసిపోతాయి. తెలిసిన క్షణం నుంచి మనమంతా దెయ్యం పార్టీ. సొంత పార్టీ మనిషిని చూసి ఎవడు జడుసుకుంటాడు? సెకండాఫ్ మొత్తం కోర్టు కేసు. దెయ్యం వాది, విలన్ ముద్దాయి, హీరో ప్లీడరు.

ఈ పద్ధతిని సినిమావాళ్ళు కొత్తగా కనిపెట్టలేదు. మన ఊళ్ళల్లో గాలి సోకిందంటే భూతవైద్యుణ్ణి పిలిచేవాళ్ళు. ఆయన వేపమండలు పట్టుకుని మొట్టమొదట అడిగేది రెండే ప్రశ్నలు: ఎవరు నువ్వు? ఏం కావాలి? పట్టినది ఏ బాలింతగా పోయిన మనిషో, నూతిలో పడ్డ కోడలో అయి ఉంటుంది. చీర కావాలంటుంది, కోడి కావాలంటుంది. ఇస్తే పోతుంది. అంటే మనకు దెయ్యంతో ఉన్నది బేరం. ‘ఓ స్త్రీ రేపు రా’ అని బొగ్గుతోనో సున్నంతోనో తలుపుల మీద రాసుకున్న రోజులు నలభై దాటిన వాళ్ళందరికీ గుర్తుండే ఉంటాయి. అది మంత్రం కాదు సరికదా, అప్పులవాడికి చెప్పే మాట. ఇవాళ చేతిలో లేదు, రేపు రామ్మా అని. కన్నడంలో దీన్నే ‘నాళె బా’ అని రాసుకున్నారు. హిందీవాళ్ళు 2018లో ‘స్త్రీ’ తీసి దేశమంతా ఆడించుకున్నారు. మన గోడల మీది రాతను మనవాళ్ళు ఆ స్థాయిలో వాడుకోలేదన్న కచ్చ నాకు ఇప్పటికీ ఉంది.

బేరమాడే దెయ్యం ఇంట్లో మనిషితో సమానం. విఠలాచార్య ‘జగన్మోహిని’ 1978లో వచ్చింది. అందులో దెయ్యం తన కాలే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. చిన్నప్పుడు ఆ సీన్ చూసి నేను భయపడలేదు, కట్టెలు కలిసొస్తాయనుకున్నాను. ఆయన దెయ్యాలు భయపెట్టడానికి పుట్టినవి కావు, తమాషా చూపించడానికి పుట్టినవి. ఆ పని అవి నిజాయితీగా చేశాయి.

భయం అన్నది పత్రికల్లో ముందు వచ్చింది, తెరమీదికి తర్వాత చేరింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ రాసినప్పుడు వారం వారం పత్రిక కోసం కాచుకున్న ఇళ్ళు ఎన్నో. విమర్శకులు క్షుద్ర సాహిత్యం అని తిట్టిపోశారు. తిట్టినవాళ్ళూ చదివారు. దాని బలమంతా ఒక పసిపిల్లకు వచ్చింది జబ్బా, చేతబడా అన్న లాగులాటలో ఉంది. డాక్టరు చెప్పింది వింటే డాక్టరు రైటు, మంత్రగాడు చెప్పింది వింటే మంత్రగాడు రైటు. పాఠకుడికి కాలు కింద నేల ఉండదు. సినిమాకి ఈ పాఠం ఎందుకో ఎక్కలేదు.

ఎక్కింది ఒక్క రామ్‌గోపాల్ వర్మకే. ‘రాత్రి’ 1992లో వచ్చింది. మేం మ్యాట్నీకి వెళ్ళాం కాబట్టి బతికిపోయాం. ఇప్పుడు మళ్ళీ చూశాను, అమ్మ పరీక్ష పెట్టి మరీ. మనిషి అలికిడి లేని చోట రేవతి ఒక్కతే నడిచే ఆరంభం సౌండ్ లేకుండా కూడా పనిచేస్తోంది. ఇంకా గట్టిది పిల్లి ముచ్చట. ఇంట్లో పిల్లాడికి పిల్లి దొరుకుతుంది. అది పొరపాటున ఇంటాయన కారు కింద పడి చస్తుంది. పిల్లాడు ఏడుస్తాడని దాన్ని నేలమాళిగలో పాతేస్తారు. తర్వాత చూస్తే పిల్లాడు అదే పిల్లితో ఆడుకుంటుంటాడు. సీన్ అంతా అంతే. ఎవరూ అరవరు. పాతిపెట్టిన విషయం పెద్దవాళ్ళకు తెలుసు, మనకు తెలుసు, పిల్లాడికి తెలీదు. వాడికి చెబుదామంటే ముందు చేసిన పని ఒప్పుకోవాలి. ఆ ఇంటాయన ముఖం చూడండి చాలు. టీవీ సౌండ్ తీసేసినా నా చేతి మీద రోమాలు లేచాయి. ఆ ఇంటికి ఎందుకు దెయ్యం పట్టిందన్న దాని మీద వర్మ ఎక్కువసేపు కూర్చోలేదు. అదే సినిమాను కాపాడింది.

ఆ తర్వాత 1996లో ‘దెయ్యం’, 2003లో హిందీలో ‘భూత్’ తీశాడు. ‘భూత్’లో పాటల్లేవు, అది పెద్ద మేలు. ‘ఫూంక్’ నాటికి మాత్రం హాల్లో ఒంటరిగా కూర్చుని చూసినవాడికి 5 లక్షలిస్తానని పందెం కట్టాడు. సినిమా మీద నమ్మకం ఉన్నవాడు పందెం కట్టడు అని నా అనుమానం. ‘రాత్రి’కి పందెం అక్కర్లేకపోయింది.

2009 జనవరిలో ‘అరుంధతి’ వచ్చింది. దాన్ని హారర్ అనాలా అన్నది నాకిప్పటికీ తేలలేదు. కోడి రామకృష్ణ తీసింది జానపద కథ. రాణీ, రాక్షసుడూ, ఆయుధం కోసం తపస్సూ. సోనూసూద్ శరీరమూ రవిశంకర్ గొంతూ కలిసి పశుపతి అయ్యాడు. ఆ గొంతు తీసేస్తే పశుపతి సగమైపోతాడు కాబట్టి అమ్మ పరీక్షలో ఇది తప్పుతుంది. అయినా ఫుల్ మార్కులు వేస్తాను, ఎందుకంటే ఆ గొంతు మోత కాదు, పాత్ర. ఇంకో సంగతి గమనించండి. పశుపతికి న్యాయమైన పగ లేదు. బతికున్నప్పుడే నీచుడు, చచ్చాక ఇంకా నీచుడు. వాడితో బేరం కుదరదు. అందుకే సెకండాఫ్‌లో కూడా వాడంటే జంకు. బనగానపల్లెలో సినిమా తీసిన నవాబు బంగళాను ఇప్పుడు జనం అరుంధతి కోటనే అంటున్నారు. నవాబు ఎవరని అడిగేవాడు లేడు.

ఇక్కడొక పక్కదారి. మలయాళంలో 1993లో ‘మణిచిత్రతాళు’ వచ్చినప్పుడు అందులో నాగవల్లి తమిళ నాట్యకత్తె, తంజావూరు మనిషి. అదే కథ తమిళంలో 2005లో ‘చంద్రముఖి’ అయితే ఆవిడ తెలుగు నర్తకి. ‘రారా’ పాట తమిళ సినిమాలోనే తెలుగులో ఉంటుంది. మలయాళీని భయపెట్టేది తమిళం, తమిళుణ్ణి భయపెట్టేది తెలుగు. మరి తెలుగువాణ్ణి భయపెట్టడానికి ఏ భాష మిగిలింది? ‘మసూద’ దీనికి ఒక జవాబిచ్చింది. దాని దగ్గరికి వస్తాను.

2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ ఆడింది. చావడానికని వెళ్ళిన నలుగురు దెయ్యాన్ని చూసి చావంటే భయపడతారు. ఐడియా బంగారం. సప్తగిరి తిన్న దెబ్బలకి హాలు ఊగిపోయింది. 2014లో ‘గీతాంజలి’, 2015లో ‘రాజుగారి గది’. వీటికి తోడు తమిళం నుంచి లారెన్స్ ‘కాంచన’, ‘గంగ’. ఒక ఇల్లు, ఆరుగురు నటులు, కొన్ని రాత్రుల షూటింగ్. పెట్టుబడి తక్కువ, నవ్వులు గ్యారంటీ. నిర్మాతకు ఇంతకన్నా ఏం కావాలి? దెయ్యం చెంపదెబ్బ కొట్టే యంత్రం అయిపోయింది. ఈ గుంపులో నేను దాచుకునేది 2017 నాటి ‘ఆనందో బ్రహ్మ’ ఒక్కటే. మహి వి. రాఘవ్ అందులో లెక్క తిరగేశాడు. ఇంట్లో ఉన్న దెయ్యాలే మనుషుల్ని చూసి హడలిపోతాయి. మిగతావి రెండోసారి చూడబోతే నిద్రొచ్చింది.

నవ్వుల మధ్య 2012లోనే రవిబాబు ‘అవును’ తీశాడు. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి, ఒక ఇల్లు, కంటికి కనిపించని కామం. స్నానాల గదిలో ఎవరో చూస్తున్నారన్న భయం ఈ దేశంలో ఏ ఆడమనిషికీ వివరించి చెప్పక్కర్లేదు. అందుకే అది అంత తక్కువలో తీసినా అంత దూరం పోయింది.

ఈమధ్య దెయ్యం కాస్త వెనక్కి తగ్గి చేతబడి ముందుకొచ్చింది. 2021లో నేరుగా ఓటీటీలో వచ్చిన ‘మా ఊరి పొలిమేర’ని నోటిమాటే మోసుకుపోయింది. 2023లో దాని రెండో భాగానికి థియేటర్లు దొరికాయి. సత్యం రాజేష్‌ని కమెడియన్‌గా చూసిన కళ్ళకి ఆ చూపు కొత్త. అదే ఏడాది ఏప్రిల్‌లో ‘విరూపాక్ష’. రుద్రవనం అనే ఊరు, మంత్రగాళ్ళని ఒక జంటను ఊరంతా కలిసి కాల్చేయడం, పన్నెండేళ్ళ తర్వాత చావులు. అజనీష్ లోక్‌నాథ్ సంగీతం హాల్లో వెన్ను మీద గీతలు గీసినట్టుండింది. నాకు నచ్చింది. నచ్చినందుకు కొంచెం ఇబ్బందిగానూ ఉంది. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన కేసులు తెలంగాణ పల్లెల్లో ఉన్నాయి. బాణామతి పేరు చెప్పి ముసలివాళ్ళ పళ్ళు ఊడగొట్టిన చరిత్ర మనది. ఊరిది తప్పు అన్నట్టుగా సినిమా మొదలవుతుంది, కానీ పోనుపోను మంత్రం నిజంగానే పనిచేస్తుంది. పనిచేసే మంత్రం ఉన్నప్పుడు కాల్చిన ఊరికి సగం మాఫీ దొరికినట్టే. ‘తులసిదళం’లోని లాగులాట ఇక్కడ ఉండి ఉంటే ఇదే కథ ఎక్కడికో పోయేది.

‘మసూద’ సంగతి. 2022 నవంబర్‌లో వచ్చింది, సాయికిరణ్ దర్శకుడు. నీలం అనే టీచరు, భర్తకు దూరంగా కూతురు నాజియాతో హైదరాబాద్‌లో ఉంటుంది. పక్క ఫ్లాట్‌లో గోపి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఒట్టి పిరికివాడు. తెలుగు సినిమాలో హీరో చేతులు నిజంగా వణకడం నేను చూసింది ఇందులోనే. అర్ధరాత్రి పక్కింటి తలుపు తీసి లోపలికి వెళ్ళాలా వద్దా అని గోపి వేషం వేసిన తిరువీర్ గుమ్మంలో ఊగిసలాడతాడు చూడండి, ఆ నిమిషం మా మేనల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు. హీరో భయపడితేనే మనకు భయం. వాడు తొడ కొడితే దెయ్యం కూడా రౌడీల లెక్కలోకి పోతుంది.

ఇంటర్వెల్ లెక్క కూడా ఇందులో తలకిందులు. ఫస్టాఫ్ నెమ్మది, విసుగు పుట్టేంత నెమ్మది, అసలు సినిమా ఇంటర్వెల్ దగ్గర మొదలవుతుంది. ఫ్లాష్‌బ్యాక్ ఉంది గానీ అది జాలి పుట్టించదు. మసూద బతికున్నప్పుడే మంచిది కాదు. చీర పెట్టి పంపేద్దామంటే పోయే రకం కాదు. పైగా వేపమండలు, నిమ్మకాయలు ఇక్కడ చెల్లవు. విరుగుడు కోసం శుభలేఖ సుధాకర్ వేసిన రిజ్వాన్ బాబా దగ్గరికి పోవాలి. దర్గాలో తాయెత్తు కట్టించుకోని తెలుగు కుటుంబం ఏది? దాన్ని మనవాళ్ళు తెరమీదికి తేవడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఒక్క పేచీ ఉంది. దెయ్యానికి ముసుగూ ఉర్దూ పేరూ తగిలిస్తే భయం సులువుగా పుడుతుందన్న లెక్క కూడా ఇందులో ఉందేమోనని ఒక చూపు చూసుకోవాలి. చంద్రముఖి మాదిరే, పొరుగింటి భాష. బాబా పాత్రతో ఆ తూకం చాలావరకు సరిచేశారు. నేను పాస్ చేస్తాను.

అమ్మ ఆ రాత్రి ఇంకో ప్రశ్న కూడా వేసింది. “అన్ని జరుగుతుంటే ఇల్లు ఖాళీ చేయరేమిటే?” ప్రపంచంలో ఏ దెయ్యం సినిమాకైనా ఇదే మొదటి ప్రశ్న. చాలామంది దర్శకులు దీన్ని తప్పించుకుంటారు. మలయాళంలో రాహుల్ సదాశివన్ 2022లో తీసిన ‘భూతకాలం’ తప్పించుకోదు. తల్లి, ఉద్యోగం లేని కొడుకు, అద్దె ఇల్లు. ముసలావిడ పోయాక ఇంట్లో ఏదో తిరుగుతోందని కొడుకంటాడు. పిల్లాడి బుర్ర చెడిందని అందరూ అంటారు. తల్లికి ముందే మానసికంగా నలత. డబ్బుల్లేవు, వినేవాళ్ళు లేరు, ఎక్కడికి పోతారు? తల్లి వేషం రేవతిది. ముప్పై ఏళ్ళ కిందట ‘రాత్రి’లో దెయ్యం పట్టిన పిల్లగా చేసిన మనిషి ఇప్పుడు దెయ్యం ఇంట్లో తల్లి. ఈ పాత్రకి ఆవిడకు కేరళ రాష్ట్ర అవార్డు వచ్చింది. రెండు సినిమాలూ ఒకే రాత్రి వరసగా చూశాను. మంచి పని కాదు, నిద్ర పట్టలేదు. ‘భూతకాలం’లో దెయ్యం ఎవరో ఏమిటో అడిగి కూర్చోబెట్టి చెప్పించరు. అమ్మ పరీక్షలో నూటికి తొంభై. అదే దర్శకుడు 2024లో మమ్ముట్టితో ‘భ్రమయుగం’ని నలుపు తెలుపుల్లో తీశాడు. రంగు కూడా అక్కర్లేదని తేల్చేశాడు.

ఇంగ్లీషు వాటి గురించి ఎక్కువ చెప్పను. ‘కంజూరింగ్’ వరస తెలుగు డబ్బింగులో చూసి చూసి తలుపు కిర్రుమంటే తర్వాత ఏమవుతుందో మా ఇంటి పిల్లలు ముందే చెప్పేస్తున్నారు. 2018 నాటి ‘హెరెడిటరీ’ వేరే జాతి. అమ్మమ్మ ఎలాంటి మనిషో కూతురికి పాత ఫోటోల ఆల్బమ్ తిరగేస్తుంటే తెలుస్తుంది. ముసలాయన వచ్చి చెప్పడు, పాట ఉండదు. మనవాళ్ళైతే ఆ ఆల్బమ్‌లోంచి నలభై నిమిషాల ఎపిసోడ్ తీసేవారు. 2025లో వచ్చిన ‘వెపన్స్’లో రాత్రి 2:17కి ఒకే క్లాసు పిల్లలు పదిహేడు మంది తలుపులు తీసుకుని చీకట్లోకి పరుగెత్తుతారు. కారణం చివర్లో చెప్తారు, చెప్పాక భయం ఒక మెట్టు దిగుతుంది. ఈ జబ్బు మన ఒక్కళ్ళదే కాదని కొంత ఊరట.

అదే ఏడు సెప్టెంబర్‌లో మన ‘కిష్కింధపురి’ వచ్చింది. దెయ్యాల ఇళ్ళు చూపించే టూరు, పాడుబడ్డ రేడియో స్టేషన్, ఎవరూ లేని చోట మోగే గొంతు. ఆ రేడియో చుట్టూ నడిచినంతసేపు గట్టిగా పట్టుకుంది. రేడియో వెనక మనిషెవరో చెప్పడం మొదలయ్యాక నేను ఫోన్ చూసుకున్నాను. ఇంటర్వెల్ జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. మే నెలలో వచ్చిన ‘శుభం’ని అంతకన్నా ఎక్కువ ఇష్టపడ్డాను. భీమిలిలో కేబుల్ ఆపరేటర్ల రోజులు. రాత్రి సీరియల్ వేళకి పెళ్ళాల కళ్ళు మారిపోతాయి. అడ్డం వస్తే మొగుళ్ళకు మూడినట్టే. కారణం తెలిస్తే నవ్వొస్తుంది: సీరియల్ ముగింపు చూడకుండానే పోయిన ఆత్మలు. చీర, కోడి అడిగే దెయ్యానికి ఇది అచ్చమైన మనవరాలు. బేరం చేయాలంటే ఇలా చేయాలి. భయం మాత్రం దాంట్లో వెతకొద్దు.

మొత్తం మీద, రాత్రి భయపడి పడుకోవాలనుకుంటే ‘రాత్రి’, ‘భూతకాలం’, ‘మసూద’. నవ్వాలనుకుంటే ‘ఆనందో బ్రహ్మ’, ‘శుభం’. రెండూ కావాలని వచ్చే సినిమాల్లో నాకు ఇంతవరకూ ఏదీ పూర్తిగా దక్కలేదు. కథలు రాసుకునే కుర్రాళ్ళకి ఒక్క మనవి: దెయ్యం ఎందుకు వచ్చిందో మీరు రాసుకోండి, మాకు ఆ పేజీ చూపించకండి. చూపించక తప్పదంటే రెండు నిమిషాల్లో తేల్చేయండి, పాట వద్దు.

‘రాత్రి’ మా అమ్మకు ఇంకా చూపించలేదు. వచ్చే నెల ఊరెళ్తున్నాను. రిమోట్ ఆవిడ చేతికే ఇస్తాను.